జున్ను లంఖణం

పిల్లికి కూడా పచ్చకామెర్లు వస్తాయని 2022 దాకా నాకు తెలీదు. ఇప్పుడైతే ఎవరింట్లో పిల్లి కనబడినా ముందు దాని చెవి లోపల చూస్తున్నాను.

ఆ ఏడాది జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదారి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి. వైనతేయ పాయ పక్కన ఉన్న మా లంక మునిగితే గేదెల్ని గట్టు మీదకి తోలి, మేము పడవెక్కి ఆడపడుచు గారింటికి చేరాం. జున్నుని గోనెసంచిలో వేసి తీసుకెళ్లాను. తెల్లటి ఆడపిల్లి, ఆరు కిలోలు. చేపలమ్మే ఆవిడ రోజూ పడేసే తలకాయలు తిని అలా తయారైంది. కొత్త ఇంట్లో మంచం కింద దూరింది. పిలిచినా రాలేదు, పెట్టినా ముట్టలేదు.

“కడుపులో తేడా చేసుంటుందిలే అమ్మా. లంఖణం పరమౌషధం,” అన్నారు అత్తయ్యగారు. నేనూ ఊ కొట్టాను. సామాను సగం నీళ్లలో ఉంది, పిల్లి తిండి ఎవరికి పట్టింది? ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అయిదో రోజు దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బుట్ట మూత కూడా తియ్యలేదాయన. “ఆకలేస్తే అదే తింటుందమ్మా,” అని టానిక్కు రాసి, పక్కనున్న దూడ వైపు తిరిగిపోయారు. వరదలో ఆయన ఎన్ని పశువుల్ని చూశారో నాకు తెలుసు. రాత్రీ పగలూ గట్ల మీదే తిరిగిన మనిషి. అయినా ఆ ఒక్క మాట క్షమించలేకపోతున్నాను. ఆ మాట నమ్మి ఇంకో మూడు రోజులు ఆగాను.

ఎనిమిదో రోజు చెవులు లోపల పసుపు రాసినట్టు అయ్యాయి. చిగుళ్లూ అంతే. అప్పుడు పరిగెత్తాం రాజమండ్రికి. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. రక్తం తీసింది, స్కానింగ్ చేసింది, రెండు రోజులు సెలైన్ పెట్టింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి లివర్‌లోకి చేరుతుందట. ఆ కొవ్వుని పిల్లి లివర్ తట్టుకోలేదట. లావు పిల్లికైతే నాలుగు రోజుల పస్తు చాలట. “మందులకంటే తిండే మందండీ దీనికి. అది తినదు, మీరే తినిపించాలి. నాలుగు వారాలు, ఆరు వారాలు, ఎన్నాళ్లైనా.” తిండి పొయ్యడానికి మెడ దగ్గర గొట్టం వేయిస్తే సులువు కానీ విశాఖ వెళ్లాలంది. ఇంట్లో బురద ఇంకా ఎత్తలేదు, విశాఖ ఎక్కడ వెళ్తాం? సూది తీసేసిన సిరంజీలు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఉడికించిన చికెన్, గుడ్డు సొన మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చన చేసి, వడకట్టాలి. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, పిల్లికి విషం. తల పైకెత్తి పోయకూడదు. బుగ్గ పక్కనుంచి ఒక్కో చుక్కా వదిలి, మింగిందాకా ఆగాలి. తొలిరోజు నిండు భోజనంలో పావు వంతే పెట్టమంది డాక్టరమ్మ, ఆ తర్వాత మెల్లగా పెంచమంది. నేను వింటేగా! పది రోజులు పస్తున్న ప్రాణి కదా అని రెండో రోజుకే రెట్టింపు చేశాను. ముందు ఆకలికి వదిలేసిందీ నేనే, ఆనక కుక్కిందీ నేనే.

నాలుగో రాత్రి కరెంటు లేదు. వాన, కప్పల గోల, గోడల్లోంచి బురద వాసన. ఒంటిగంటకి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే జున్ను కూర్చునే ఉంది కానీ తల నిలబడట్లేదు. గడ్డం ఛాతీకి ఆని వేలాడుతోంది. చేత్తో ఎత్తితే మళ్లీ వాలిపోతోంది. ఒళ్లు చల్లగా ఉంది. వణుకుతూ డాక్టరమ్మకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది మహాతల్లి. ఎంత పెట్టారో చెప్పమంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వెళ్తే రక్తంలో పొటాషియం పడిపోతుందండీ. అందుకే మెడ వాలిపోయింది.”

మా ఆయన ఫోన్ లాక్కుని “కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది కదండీ, నాలుగు చెంచాలు పోయమంటారా?” అన్నారు. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే మరి. “వద్దండీ! మింగే ఓపిక లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొటాషియం ఎక్కువైనా గుండె ఆగుతుంది. తిండి ఆపి, వెచ్చగా ఉంచి, తెల్లారేసరికి తీసుకురండి.”

వేడినీళ్ల సీసాలు తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాం. నీళ్లు చల్లారినప్పుడల్లా పొయ్యి రాజేసి కాచింది అత్తయ్యగారే. ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. ఊపిరి లెక్కపెట్టుకుంటూ అయినవిల్లి వినాయకుడికి మొక్కేశాను, పదకొండు కొబ్బరికాయలు. తెల్లారకుండానే పాయ దాటి, ఆటో మాట్లాడుకుని రావులపాలెం మీదుగా వెళ్లాం. డ్రిప్‌లో పొటాషియం కలిపి మెల్లగా ఎక్కించారు. సాయంత్రానికి తల ఎత్తి నా వైపు చూసింది.

తర్వాతంతా చాకిరీ. రోజుకి ఆరుసార్లు సిరంజీ. చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్చుకున్నాను. గుమ్మం మీద మేకుకి సీసా కట్టేదాన్ని. భుజాల మధ్య ఎద్దు మూపురంలా ఉబ్బి, కొన్ని గంటల్లో కరిగిపోయేది. చూడ్డానికొచ్చిన వాళ్లందరి దగ్గరా సలహాలే. ఒకరు నేల ఉసిరి పసరు పోయమన్నారు. ఒకరు కామెర్లకి నీసు పెడతారా అని నన్నే తిట్టారు. మనుషుల పత్యం పిల్లికి పెడితే చస్తుందండీ, మాంసమే దాని అన్నం అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇది చదివేవాళ్లకీ అదే చెబుతున్నాను. పిల్లి ఒక్క రోజు పూర్తిగా తిండి మానేస్తే డాక్టరుకి చూపించండి. “అదే తింటుంది” అంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇరవై ఆరో రోజు అత్తయ్యగారు పెరట్లో బూడిద వేసి పరిగె చేపలు తోముతుంటే జున్ను దగ్గరికెళ్లి కూర్చుంది. అప్పటికి నాలుగున్నర కిలోలు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఒక పరిగెని నోట కరుచుకుని మెట్టు కిందకి పోయింది. “ఒసేయ్, దొంగముండా!” అని అరిచారావిడ. అరుస్తూనే ఇంకో రెండు అటు విసిరారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మొక్కు తీర్చడానికి అయినవిల్లి వెళ్తే పంతులుగారు అర్చనకి పేరు అడిగారు. తడబడి జున్ను అన్నాను. ఆయన తలెత్తకుండా ఆ పేరే చదివారు.

మొన్న ఆ పశువుల డాక్టరు సంతలో ఎదురై “పిల్లి ఎలా ఉందమ్మా?” అన్నారు. బాగుందండీ అని వచ్చేశాను. ఇంకేదో అనాలని దారిపొడవునా అనుకున్నాను.

పోయిన నెల అత్తయ్యగారికి జ్వరం. రెండు పూటలు ఏమీ వద్దని గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను జావ గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి ఇటు తిరిగి, గ్లాసు వంకా నా వంకా చూసి, “తాగకపోతే నాకూ సిరంజీ తెస్తావా ఏంటే?” అన్నారు.

“ఆయ్, తెస్తానండీ,” అన్నాను.