పార్కింగ్ నేలకు పెయింటు మాని సీలర్ ఎందుకు పట్టించానంటే

హైదరాబాద్ సైనిక్‌పురిలోని మా ఇంటి ముందు కారు నిలిపే చోటు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. ఆ కాంక్రీటు నేలను ఎంత ఊడ్చినా సిమెంటు పొడి రాలుతూనే ఉండేది, కారు కింద పడిన నూనె మరకలు ఇంకిపోయి నల్లబడేవి. ఈ రెండు బాధలూ తీరతాయన్న ఆశతో ఒక వేసవిలో పెయింటరుతో నేల మీద గట్టి పొరగా ఆరే ఎపాక్సీ పెయింటును రెండు పూతలు వేయించాను. వానాకాలం సగం గడిచేసరికి టైర్లు నిలిచే చోట అది పెచ్చులుగా లేచిపోయింది, గోడ వెంట బుడగలు వచ్చాయి. తప్పు పెయింటుదని పెయింటరు, పనిదని దుకాణదారు అన్నారు. అసలు కారణం తెలుసుకోకుండా మళ్లీ డబ్బు పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

సెప్టెంబరులో, పెయింటు ఊడిన చోట, అడుగున్నర చదరపు పారదర్శక పాలిథీన్ ముక్కను పరచి, నాలుగు అంచులూ గాలి చొరబడకుండా టేపుతో అతికించి, ఒక రాత్రంతా వదిలేశాను. తెల్లవారి చూస్తే షీటు లోపలి వైపు నీటి బొట్లు పట్టి ఉన్నాయి, దాని కింది కాంక్రీటు నల్లగా చెమ్మగిల్లింది. ఇల్లు కట్టేటప్పుడు దగ్గరుండి చూసుకున్న మా నాన్నగారిని అడిగితే, కంకర పరిచాక దాని మీద తేమను ఆపే పాలిథీన్ షీటు వేసిన గుర్తు లేదన్నారు. అంటే మట్టిలోని తేమ కాంక్రీటు రంధ్రాల గుండా పైకి వస్తోంది. పైన పెయింటు పొర దాన్ని అడ్డగిస్తే, ఆ తేమ పొర కిందే నిలిచి దాని పట్టు వదిలిస్తోంది. అలా పట్టు తప్పిన పొరను వేడెక్కిన టైర్లు తేలిగ్గా పీకేస్తున్నాయి.

ఫిబ్రవరిలో అదే పరీక్ష చేస్తే షీటు పొడిగా వచ్చింది. "ఇప్పుడు నేల మంచిగ ఎండింది గదా సార్, ఇప్పుడే కోటింగ్ వేసేద్దాం" అన్నాడు మేస్త్రీ. ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ మాటతో ఏకీభవించలేకపోయాను. ఫిబ్రవరిలో ఎండిన నేల ఆగస్టులో మళ్లీ చెమ్మగిల్లుతుంది, అప్పుడు కొత్త పొరకూ పాత గతే పడుతుంది. అందుకే పైన పొర కట్టే పూతలన్నీ మానేసి, కాంక్రీటు లోపలికి ఇంకే మందులనే ఎంచుకున్నాను.

పనిలో ఎక్కువ కాలం పట్టింది పాత పెయింటు తీయడానికే. యాసిడ్ పోసి కడగమని కొందరు సలహా ఇచ్చారు. దాని పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, చుట్టూ ఉన్న ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, పైగా అది పెయింటును తీయదు. డైమండ్ వీల్ ఉన్న గ్రైండింగ్ మెషీన్‌ను కిరాయికి తెచ్చి రెండు రోజులు అరగదీయించాం. కాంక్రీటు ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం కనుక పనివారికీ నాకూ ఎన్95 మాస్కులు తప్పనిసరి చేశాను. నూనె మరకలను జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో రుద్దాం, పగుళ్లు పూడ్చాం. బోరు నీరు ఆరాక సున్నపు చారలు మిగులుతాయి కాబట్టి, చివరగా నల్లా నీటితో కడిగి నాలుగు రోజులు ఆరనిచ్చాం. నేల మీద వేసిన నీటి చుక్క నిమిషంలోపే ఇంకిపోవడంతో రంధ్రాలు తెరుచుకున్నాయని నిర్ధారించుకున్నాను.

ముందుగా లిథియం సిలికేట్ డెన్సిఫయర్, అంటే కాంక్రీటును గట్టిపరిచే ద్రవం, పట్టించాను. సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలిన సున్నంతో అది కలిసి, సిమెంటుకు బలమిచ్చే పదార్థాన్నే రంధ్రాల్లో మరికొంత ఏర్పరుస్తుంది. పొడి రాలడం ఆగేది అందువల్లనే. ఎండ రాకముందే, ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, ఇరవై నిమిషాలకు పైగా నేలను తడిగా ఉంచి, మిగిలిన మందును ఆరకముందే తుడిచేశాం. ఒక మూల మడుగు కట్టింది మా కళ్లబడలేదు. అది తెల్లని పెంకులా గట్టిపడి, గీకడానికి ఒక పూట పట్టింది. వారం తర్వాత సిలేన్-సిలాక్సేన్ సీలర్‌ను, మొదటి కోటు తడి ఆరకముందే రెండోది పడేలా, రోలర్‌తో వేశాం. ఇది రంధ్రాలను మూసివేయదు, వాటి గోడలకు నీరు అంటకుండా చేస్తుంది. పైనుంచి పడిన నీరు లోపలికి ఇంకదు, కింది తేమ ఆవిరిగా బయటికి పోగలదు.

ఆ తర్వాత వచ్చిన ఆగస్టులో గోడ పక్కన పలుచగా తెల్లని ఉప్పు తేలింది, పొడి బ్రష్‌తో ఊడిస్తే పోయింది. నేల రంగు మారలేదు, మెరుపూ రాలేదు, పాత నూనె మరక ఒకటి లేతగా మిగిలే ఉంది. ఈ సీలర్ నూనెను పూర్తిగా ఆపలేదు కనుక కారు ఇంజన్ కింద ఒక రేకు ట్రే పెడుతున్నాను. ఊడ్చినప్పుడు మాత్రం చేటలోకి సిమెంటు పొడి రావడం లేదు.