వర్జ్యం ఒక్కటేనా చూసేది?

కోనసీమలో ఎవరింటికి వెళ్ళినా గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది. అందులో మనం చూసేది మాత్రం వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం. మూడూ టెన్షన్ పెట్టేవే! ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో వినే శ్లోకంలో ఆ భయం ఊసే లేదు.

తిథేశ్చ శ్రియమాప్నోతి వారాదాయుష్యవర్ధనమ్
నక్షత్రాద్ధరతే పాపం యోగాద్రోగనివారణమ్
కరణాత్కార్యసిద్ధిశ్చ పంచాంగఫలముత్తమమ్

పంచాంగంలోని ఐదు అంగాలకూ ఫలం చెప్పారిందులో: తిథితో సంపద, వారంతో ఆయుష్షు, నక్షత్రంతో పాపనాశనం, యోగంతో ఆరోగ్యం, కరణంతో కార్యసిద్ధి. ఇవాళ ఏ రోజో శ్రద్ధగా తెలుసుకున్నందుకే ఇంత ఫలం.

యోగ కరణాలను ఎలాగూ పురోహితుల గారికే వదిలేశాం. తిథి సంగతి చూద్దాం. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్క తీరున ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, ఇంకోటి 26 గంటలు సాగొచ్చు. పండగ ఏ రోజో తేలని ఈ తగులు మిగులు గొడవంతా అందుకే. మామూలుగా సూర్యోదయానికి ఉన్నదే ఆ రోజు తిథి. శివరాత్రికి మాత్రం అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి, దీపావళికి ప్రదోషవేళ అమావాస్య ఉండాలి.

అంతర్వేదిలో చేపల వేటకెళ్ళేవాళ్ళకు ఇది పుస్తకాల్లో విషయం కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, గోదావరి వశిష్ఠ పాయలోకి సముద్రపు నీళ్ళు ఎగదన్నుతాయి. అష్టమి ప్రాంతంలో ఆ జోరు ఉండదు. అక్కడి నరసింహస్వామి కల్యాణం కూడా మాఘశుద్ధ దశమి రాత్రే, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది, తిథి మారదు. జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం అనే జాతర అలా కాదు. అది కనుమనాడు, అంటే సూర్యుడి లెక్క. అందుకే జనవరి మధ్య నుంచి కదలదు.

ఇక పూజ మొదట్లో చెప్పే సంకల్పం. "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అని చోటు చెప్పి, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అని పురోహితుల గారు వరసగా చెబుతుంటే, గోత్రం అడిగేదాకా మనం ఫోన్ చూసుకుంటూ ఉంటాం. నా మటుకు నాకు పూజలో అసలైన మాట అదే. ఇంత కాలంలో, ఇంత భూమిలో నేనెక్కడున్నానో స్వామికి విన్నవించుకోవడం. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు సంస్కృతం రాదని ఆగక్కర్లేదు. "స్వామీ, మాఘమాసం, శుక్లపక్షం, దశమి, గోదావరి ఒడ్డున ఉన్నాం" అని తెలుగులో చెప్పుకున్నా సరిపోతుంది.