రాయ్ కృష్ణ లెక్క తేల్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

మా ఫుట్‌బాల్ క్యాంపులో నెలకో ఆటగాడి గురించి గోడపత్రిక వేస్తాం. మెస్సీ, రొనాల్డోల గురించి పిల్లలకు నాకన్నా ఎక్కువే తెలుసు. అందుకే ఈసారి ఫిజీ ఫార్వర్డ్ రాయ్ కృష్ణను పట్టుకున్నాను. 2019 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లో, కోల్‌కతాలో, అక్కడి క్లబ్ ఏటీకే మనకు 5-0తో వాత పెట్టింది. అందులో ఒక గోల్ ఈయనదే. నాకు ఆ మంట ఇంకా ఉంది, అది వేరే సంగతి.

సీజను, క్లబ్, గోల్స్ అని గీతలు కొట్టి కూర్చుంటే అయిపోతుందనుకున్నాం. మొదట్లో ఇబ్బంది లేదు. 1987లో లబాసాలో పుట్టాడు. అది చెరకు తోటల ఊరు, ఈయనది భారతీయ మూలాలున్న కుటుంబం. సొంతూరి జట్టు తర్వాత న్యూజిలాండ్ వెళ్లి వైటాకెరే క్లబ్‌కి ఆడాడు. చిక్కు అక్కడిదే ఇంకో క్లబ్ ఆక్లాండ్ సిటీతో మొదలైంది. అక్కడ ఉన్నది కొద్ది నెలలే. లీగు గడి మాత్రమే చూస్తే దారిలో ఆగి టీ తాగి వెళ్లినట్టుంటుంది. కానీ 2013 డిసెంబరులో మొరాకోలో జరిగిన క్లబ్ వరల్డ్ కప్‌లో ఆ దేశపు క్లబ్ రాజా కాసాబ్లాంకా మీద గోల్ కొట్టింది ఆ జెర్సీలోనే. మ్యాచ్ ఇంజురీ టైమ్‌లో 2-1తో పోయింది. ఆ రాజాయే ఫైనల్ దాకా వెళ్లింది. ఈ ఒక్క గోల్ కోసం ‘ఇతర పోటీలు’ అని కొత్త గడి గీయాల్సి వచ్చింది.

తర్వాత వెల్లింగ్టన్ ఫీనిక్స్. క్లబ్ న్యూజిలాండ్‌ది, ఆడేది ఆస్ట్రేలియా లీగులో. మరి దేశం గడిలో ఏం రాయాలి? రెండూ రాశాం. 2018-19లో 18 గోల్స్‌తో అక్కడి గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే బహుమతి) ఈయనదే.

కోల్‌కతా దగ్గర పిల్లలు రెండు పార్టీలయ్యారు. 2020లో ఏటీకేతో ఐఎస్ఎల్ టైటిల్ గెలిచాడు, అదే ఏడు ఏటీకే, అదే ఊరి పాత క్లబ్ మోహన్ బగాన్ కలిసిపోయాయి. ఒకే వరసలో రాయాలా, రెండింట్లోనా? నేను రెండన్నాను. మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్ జెర్సీలో ఈస్ట్ బెంగాల్ మీద ఐఎస్ఎల్ తొలి డెర్బీలో (ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్) మొదటి గోల్ కొట్టినవాణ్ని పాత వరసలో ఇరికించడానికి నాకు మనసొప్పలేదు. ఆపైన బెంగళూరు. 2023 ఐఎస్ఎల్ ఫైనల్లో తను వదిలొచ్చిన ఆ కలిసిన క్లబ్ మీదే గోల్ వేశాడు, అయినా పెనాల్టీల్లో కప్పు పోయింది. తర్వాత ఒడిశా.

అసలు గొడవ చివర్లో వచ్చింది.

“అన్నా, ఒలింపిక్స్ గోల్ ఏ డబ్బాల రాయాలె?”

“దేశం డబ్బాల రాస్తే అయిపాయె కదరా!” అన్నాడు ఇంకొకడు.

అవదు. ఒలింపిక్స్‌లో పురుషుల ఫుట్‌బాల్ 23 ఏళ్లలోపు వాళ్లది. ముగ్గురు పెద్దవాళ్లకు మాత్రం చోటుంటుంది. సీనియర్ అంతర్జాతీయ లెక్కల్లోకి అది రాదు. 28 ఏళ్ల కృష్ణ ఆ కోటాలోనే 2016 రియో జట్టులోకి వచ్చాడు. ఫిజీ కొరియా చేతిలో 8-0, జర్మనీ చేతిలో 10-0తో ఓడింది. మధ్యలో మెక్సికో మీద పదో నిమిషంలో ఈయన కొట్టిన గోల్‌తో హాఫ్ టైమ్ దాకా ముందుంది. తర్వాత 5-1 అయింది, అది వేరు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దేశం కొట్టిన తొలి గోల్ అదే. ఆ ఒలింపిక్స్‌లోనే రగ్బీ సెవెన్స్‌లో ఫిజీ స్వర్ణం గెలిచింది కాబట్టి ఈ గోల్ ఇంకా మూలన పడిపోయింది.

నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తానికీ అదే పెద్ద గోల్. క్లబ్ గడిలోనూ పట్టదు, దేశం గడిలోనూ పట్టదు. చివరికి పట్టిక కింద అడ్డంగా ఒక పట్టీ గీసి స్కోరు, నిమిషం, ఊరు (బ్రెజిల్‌లోని సాల్వడార్) విడిగా రాయించాను. మా సీనియర్ కోచ్ చూసి “పట్టిక అన్నాక అన్నీ గడుల్లోనే ఉండాలి కదా” అన్నారు. పిల్లలు ఒప్పుకోలేదు.

వచ్చే నెలకు సునీల్ ఛెత్రీ కావాలట. ఆయనకూ అమెరికాలో కాన్సాస్ సిటీ క్లబ్ ఉంది, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ లిస్బన్ బి జట్టు ఉంది. చార్టులు ఒకటి ఎక్కువే తెమ్మని చెప్పాను.