బెలూన్‌లో అసలు జాగ్రత్త దిగేటప్పుడే

హాట్ ఎయిర్ బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు. ఎత్తు మారితే గాలి దిశ మారుతుంది, పైలట్ చేతిలో ఉన్నది అదొక్కటే. బర్నర్ మండించినా బెలూన్ వెంటనే లేవదు. లోపలున్న టన్నుల కొద్దీ గాలి వేడెక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కరెంటు తీగలు ప్రాణం తీసేది ఆ సెకన్లలోనే. 2016లో టెక్సస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర 16 మంది చనిపోయింది తీగలు తగిలే. తీగలు మరీ దగ్గరైతే పైకి లేవాలని చూడకూడదు. బెలూన్ పైభాగంలో వేడి గాలిని వదిలే కవాటం తెరిచి, గ్యాస్ కట్టేసి, గబగబా దించెయ్యాలి. తీగకి బుట్ట, సిలిండర్లు తగలడం కన్నా పైనున్న గుడ్డ తగలడం నయం.

ఎండెక్కితే నేల వేడికి గాలి సుళ్లు లేస్తాయి, అందుకే పొద్దు పొడవగానే ఎగరడం. గాలి జోరు చూసి ప్రయాణం రద్దు చేసే పైలట్‌నే నేను నమ్ముతాను.

దిగేటప్పుడు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, బుట్ట లోపలి తాడు పిడులు గట్టిగా పట్టుకోండి. ఫోన్ జేబులో ఉండాలి, చేతులు బయట పెట్టొద్దు. బుట్ట పక్కకి ఒరిగి కొంత దూరం ఈడ్చుకుపోవడం మామూలే. నేల తగిలింది కదా అని ఒక్కరు దూకినా బరువు తగ్గి, బెలూన్ మిగతావాళ్లతో మళ్లీ పైకి లేస్తుంది. పైలట్ చెప్పేదాకా కదలకండి.