సరి సంఖ్యలో పూలు

2005 మే 26. తెల్లవారుజామున మూడు కావస్తోంది. విజయవాడలో మా ముందు గదిలో టీవీ శబ్దం బాగా తగ్గించి, ఇస్తాంబుల్‌లో జరుగుతున్న యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ చూస్తున్నాను. మొదటి సగంలో మూడు గోల్స్ కొట్టిన ఏసీ మిలాన్, రెండో సగంలో ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ లివర్‌పూల్‌కు ఇచ్చేసింది. చివరికి ఆట పెనాల్టీల దాకా వచ్చింది. మిలాన్ ఆటగాడు ఆంద్రీ షెవ్‌చెంకో కొట్టిన బంతిని లివర్‌పూల్ గోల్‌కీపర్ డూడెక్ ఆపేశాడు. అంతటితో కప్పు పోయింది.

అంతకు రెండేళ్ల ముందు మాంచెస్టర్‌లో ఇదే కప్పును ఆఖరి పెనాల్టీతో గెలిపించింది కూడా షెవ్‌చెంకోనే. ఆ రాత్రీ మేలుకునే ఉన్నాను. బంతి ముందు నిలబడి ఒకసారి రెఫరీ వైపు, ఒకసారి గోల్ వైపు, మళ్లీ రెఫరీ వైపు తిరిగిన ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. గెలిచిన రాత్రి ఆయన నాకు నచ్చిన ఆటగాడు. ఓడిన రాత్రి మాత్రం మా ఇంట్లో మనిషికి ఏదో అయినట్టు కూర్చుండిపోయాను. ఆ మనిషి ఎక్కడివాడో, ఏ నేల మీద ఆడి పెరిగాడో చూడాలన్న కోరిక ఆ రోజే పుట్టింది.

అది తీరడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 2019 నాటికి నేను ఉద్యోగరీత్యా జర్మనీలో ఉన్నాను. మా అక్క కూతురు ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో వైద్యవిద్య నాలుగో సంవత్సరం చదువుతోంది. "అక్టోబర్ 14న ఇక్కడ పోర్చుగల్‌తో మ్యాచ్ ఉంది మామయ్యా. మీ షెవ్‌చెంకోనే ఉక్రెయిన్ కోచ్. టికెట్లు తీసేశాను, ఇక మీరు రావడమే తరువాయి" అని ఫోన్ చేసింది. రెండు రోజుల ముందే వెళ్లిపోయాను.

మొదట ఒబొలోన్ వెళ్లాం. కీవ్ ఉత్తరాన, ద్నీప్రో నది ఒడ్డున, సోవియట్ కాలంలో కట్టిన కాంక్రీటు పలకల భవనాలు వరసలు తీరి ఉన్న పేట అది. షెవ్‌చెంకో తండ్రి సైన్యంలో పనిచేసేవాడు. 1979లో, పిల్లవాడు బాగా చిన్నవాడిగా ఉన్నప్పుడే, కుటుంబం పల్లె విడిచి ఇక్కడికి చేరింది. నాలుగు భవనాల మధ్య ఉన్న ఒక ఖాళీ పెరట్లో చాలాసేపు నిలబడ్డాను. అక్కడ ఒక మూల నేలలో పాతిన ఇనుప కమ్మీ ఉంది. ఇంట్లోని తివాచీలను దాని మీద వేసి కర్రతో బాది దుమ్ము దులుపుతారు. తివాచీ లేనప్పుడు అదే పిల్లల గోల్‌పోస్టు. మేం వెళ్లినప్పుడూ ఇద్దరు పిల్లలు దాని కింది నుంచి బంతి తంతున్నారు.

ఇలాంటి పెరళ్లలో ఆడిన ఆ పిల్లవాడు ఒక క్రీడా పాఠశాల ప్రవేశ పరీక్షలో తప్పాడు. కాలితో బంతిని నడిపించుకుంటూ వెళ్లే పరీక్ష అది. తర్వాత ఒక పిల్లల పోటీలో డైనమో కీవ్ క్లబ్బు వాళ్ల కంట పడ్డాడు. ఆ పరీక్షతోనే ఆగిపోయిన పిల్లలు ఇంకెందరో అనిపించింది నాకు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలే నాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఆ కేంద్రం కీవ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. నగరంలోని పిల్లలను వేలకు వేలుగా దూర ప్రాంతాలకు తరలించారు. అతన్నీ సముద్రతీరానికి పంపారు. తొమ్మిదేళ్లకే ఇల్లు వదిలి పరుగెత్తడం ఎలా ఉంటుందో ఆ పెరట్లో నిలబడి ఊహించుకోవడం అప్పుడు నాకు చేతకాలేదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన మర్నాడే ఒబొలోన్ వీధుల్లో కాల్పులు జరిగాయని చదివినప్పుడు మాత్రం ఆ ఇనుప కమ్మీ, ఆ ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. అప్పటికి చివరి సంవత్సరంలో ఉన్న మా మేనకోడలు కూడా చదువు మధ్యలో సరిహద్దు దాటి ఇంటికి రావలసి వచ్చింది.

మర్నాడు ఎలెక్ట్రీచ్‌కా ఎక్కాం. అక్కడి లోకల్ రైలును అలాగే పిలుస్తారు. చెక్క బెంచీల మీద ఆపిల్ బుట్టలతో ముసలమ్మలు కూర్చున్నారు. యాహోతిన్‌లో దిగి, టాక్సీ మాట్లాడుకుని షెవ్‌చెంకో పుట్టిన ద్విర్కివ్‌ష్చినా చేరాం. చిన్న పల్లె. కర్ర కంచెలు, బాతులు, కోత అయిపోయిన మొక్కజొన్న చేలు. దున్నిన మట్టి మన నల్లరేగడి కంటే నల్లగా మెరుస్తోంది. చూడవలసినవంటూ ప్రత్యేకంగా ఏమీ లేవు, గంటలో వెనుదిరిగాం. అయినా వెళ్లినందుకు సంతోషమే, ఎందుకంటే దారిలో మా మేనకోడలు ఒక మాట చెప్పింది. అక్కడి భాషలో 'శ్వెత్స్' అంటే చెప్పులు కుట్టేవాడట. షెవ్‌చెంకో అన్న ఇంటిపేరు దాని నుంచే వచ్చింది. ఉక్రెయిన్ జాతీయ కవి తరాస్ షెవ్‌చెంకోదీ అదే ఇంటిపేరు. ఈ ఆంద్రీ షెవ్‌చెంకో 1990లో డైనమో పిల్లల జట్టుతో వేల్స్ వెళ్లి, అక్కడి ప్రసిద్ధ ఆటగాడు ఇయాన్ రష్ పేరిట జరిగిన టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. బహుమతిగా రష్ తన బూట్ల జత ఇచ్చాడు. చెప్పులు కుట్టేవారి ఇంటిపేరున్న పిల్లవాడికి అందిన తొలి పెద్ద బహుమతి బూట్లే! రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ దీని గురించే మాట్లాడుతూ ఆ అమ్మాయిని విసిగించాను.

14వ తేదీ సాయంత్రం ఒలింపిస్కీ స్టేడియం డెబ్బై వేల కుర్చీలూ దాదాపు నిండిపోయాయి. ఆరో నిమిషంలో యారెమ్‌చుక్, 27వ నిమిషంలో యార్మొలెంకో ఉక్రెయిన్‌కు గోల్స్ చేశారు. రెండో సగంలో స్టెపానెంకో చేతికి బంతి తగిలింది. అతనికి ఎర్ర కార్డు, పోర్చుగల్‌కు పెనాల్టీ. దాన్ని రొనాల్డో గోల్ చేశాడు, అది అతని జీవితంలో 700వది. మిగిలిన సమయమంతా ఉక్రెయిన్ పది మందితో కాచుకుంది. నా కళ్లు మాత్రం మైదానం గీత పక్కన నిలబడిన మనిషి మీదే ఉన్నాయి. 2012 యూరోలో, అంటే యూరప్ దేశాల జట్ల పోటీలో, స్వీడన్ మీద 35 ఏళ్ల వయసులో, ఏడు నిమిషాల తేడాలో రెండుసార్లు తలతో బంతిని గోల్‌లోకి పంపింది ఇదే గడ్డి మీద. మ్యాచ్ 2–1తో ముగిసింది. ఉక్రెయిన్ యూరో 2020కి అర్హత సాధించింది. నా పక్క సీట్లోని పెద్దాయన, నేనెవరో తెలియకపోయినా, రెండు చేతులతో నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు.

15వ తేదీ ఉదయం బైకోవ్ శ్మశానవాటికకు బయలుదేరాం. మెట్రో మెట్ల దగ్గర చామంతులు కొనబోతే, అమ్మే ఆవిడ ఏదో అడిగింది. "బతికున్నవాళ్లకా, పోయినవాళ్లకా అంటున్నారు మామయ్యా" అంది మేనకోడలు. అక్కడ బతికున్నవాళ్లకు బేసి సంఖ్యలో, పోయినవాళ్లకు సరి సంఖ్యలో పూలు ఇస్తారట. మన పెళ్లి చదివింపుల్లో నూట పదహార్లు సరి సంఖ్యే కదా అనుకుంటూ ఎనిమిది పూలు తీసుకున్నాను.

షెవ్‌చెంకో గురువు వాలెరీ లొబనోవ్స్కీ సమాధి అక్కడ ఉంది. ఆటను అంకెల్లో కొలిచి, కంప్యూటర్‌తో విశ్లేషించి, ఆటగాళ్లను ఒళ్లు హూనమయ్యేదాకా పరుగెత్తించిన కోచ్. కొంచా జాస్పా శిక్షణ స్థావరంలోని ఏటవాలు గుట్టను ఆటగాళ్లు 'మృత్యు గుట్ట' అనేవారు. దాన్ని ఎక్కుతూ దిగుతూ వాంతులు చేసుకునేవారట. 1997 జనవరిలో లొబనోవ్స్కీ డైనమోకు తిరిగి వచ్చాడు. ఆ నవంబర్ 5న బార్సిలోనా క్లబ్బును దాని సొంత మైదానంలోనే డైనమో 4–0తో ఓడించింది. అందులో మూడు గోల్స్ 21 ఏళ్ల షెవ్‌చెంకోవి, మూడూ మొదటి సగంలోనే. తర్వాత 1999లో మిలాన్, అక్కడ 175 గోల్స్, 2004లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్. లొబనోవ్స్కీ మాత్రం 2002 మే 13న కన్నుమూశాడు. ఏడాది తర్వాత మాంచెస్టర్‌లో కప్పు గెలిచిన శిష్యుడు ఆ పతకం తీసుకుని కీవ్‌కు వచ్చి, ఈ సమాధి దగ్గర ఉంచాడు. ఇంటర్నెట్‌లో ఎన్నోసార్లు చదివిన విషయమే. కానీ ఆ రాతి ముందు నిలబడినప్పుడు గొంతు పూడుకుపోయింది. గురువు పోయిన తర్వాత గెలిచినవాడు ఆ గెలుపును ఎవరికి చూపించుకుంటాడు?

ఎవరో డైనమో రంగుల కండువా ఒకటి అక్కడ ఉంచి వెళ్లారు. దాని పక్కన మా చామంతులు పెట్టాం. రాతి మీద రాలిన ఆకులను ఒక వృద్ధుడు చేత్తో ఏరుతున్నాడు. మేం ఇండియా నుంచి వచ్చామని విని లేచి నిలబడ్డాడు. లొబనోవ్స్కీ కోచ్‌గానే తెలుసా, ఆటగాడిగా తెలుసా అని అడిగాడు. 1960ల్లో ఎడమ అంచున ఆడే లొబనోవ్స్కీ కార్నర్ నుంచి కొడితే బంతి గాలిలో వంపు తిరిగి, ఎండుటాకులా గోల్‌లోకి వాలేది. దానికి పేరే 'ఎండుటాకు'. తాను చిన్నప్పుడు స్టేడియంలో కళ్లారా చూశానన్నాడు.

దారి పక్కన చెస్ట్‌నట్ కాయలు రాలి ఉన్నాయి. కీవ్‌లో ఆ కాలంలో ఎక్కడ చూసినా అవే. ముసలాయన ఒక కాయను కాలి ముందుకు జరుపుకుని, ఒళ్లు కాస్త వెనక్కి వాల్చి, పాదం లోపలి అంచుతో దాన్ని కోసినట్టు తన్నాడు. కాయ తిన్నగా దొర్లుకుంటూ వెళ్లి గడ్డిలో ఆగిపోయింది. తల అడ్డంగా ఊపి, ఇంకో కాయ కోసం వంగాడు.