0.8 దగ్గర నాలుగు రోజులు

ఈ రోజు పొద్దున పదకొండు గంటలకు మా కారు వెనక సెన్సర్లు, అదే, రివర్స్‌లో ఏదైనా అడ్డముంటే బీప్ బీప్ మనేవి, మొదటిసారి నోరు మూసుకున్నాయి. ఒళ్లుమంట ఇంకా చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది కడప, ఎర్రముక్కపల్లె. కారు 2015 నాటిది. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు కంపెనీయే వెనక సెన్సర్లు పెట్టాలని రూల్ వచ్చింది కానీ, మాది అంతకుముందే పుట్టింది. పోయిన నెల రివర్స్ చేస్తూ ఎదురింటి వాళ్ల గేటు పక్కన నిలబెట్టిన కడప బండను గుద్దాను. బండకేమీ కాలేదు. మన బంపర్ మీద జానెడు గీత పడింది. ఎదురింటావిడ బయటికొచ్చి ముందు బండను తడిమి చూసుకుంది.

ఊళ్లో ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే ఫిట్టింగుతో కలిపి 3,500 అన్నారు. కిట్టు ఆన్‌లైన్‌లో 1,150కే వస్తుంది కదా అన్నాను. ఓనరు తలెత్తకుండా, "తెప్పించుకోండి సార్, బిగించేది మాత్రం మీ వల్ల కాదు" అన్నాడు. ఆ మాట అనకపోయుంటే 3,500 ఇచ్చేసి వచ్చేవాణ్ణే.

కిట్టులో నాలుగు సెన్సర్లు, ఒక కంట్రోల్ బాక్సు, చిన్న డిస్‌ప్లే, 22 మిల్లీమీటర్ల గుండ్రటి రంపం బిట్టు వచ్చాయి. అందరూ భయపడేది బంపర్‌కు రంధ్రాలు వేయడానికే. నాకు అరగంట కూడా పట్టలేదు. నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో మాస్కింగ్ టేపు అతికించి, కొలిచి పెన్సిలుతో గుర్తులు పెట్టాను. బంపర్ వెనక చెయ్యి పెట్టి ఇనుప పట్టీ ఎక్కడుందో తడిమి చూశాను. ముందు సన్న బిట్టు, తర్వాత రంపం బిట్టు, స్పీడు తక్కువ. నాలుగు రంధ్రాలూ దారం కట్టినట్టు ఒకే వరసలో పడ్డాయి. ఫొటో తీసి మా అన్నదమ్ములందరికీ పంపాను. తొందరపడ్డాను.

వైరింగు కూడా తేలికే. రివర్స్ లైటు హోల్డర్‌కు వచ్చే రెండు వైర్లలో రివర్స్ గేరు వేసినప్పుడే కరెంటు వచ్చేదేదో టెస్ట్ ల్యాంపుతో చూసుకొని, బాక్సు ఎర్ర వైరు దానికి కలిపాను. నల్లది బాడీ బోల్టుకు. కారు స్టార్ట్ చేయక్కర్లేదు, తాళం తిప్పి గేరు వేస్తే చాలు. ఇదంతా అయ్యేసరికి చీకటి పడింది. చివరి సెన్సరు మా బామ్మర్ది ఫోన్ లైటు పట్టుకుంటే బిగించాను. బామ్మర్దుల చేత లైటు పట్టించుకోకండి. వాళ్ల చూపు మన మొహం మీద ఉంటుంది, లైటు వాళ్ల చూపుతో పాటే పోతుంది.

రివర్స్ వేశాను. డిస్‌ప్లేలో ఎడమ పక్క 0.8 మీటర్లు అని పడి, బీప్ బీప్ మొదలైంది. దిగి చూస్తే వెనక ఏమీ లేదు. కారు ముందుకు జరిపాను. అదే 0.8. రెండో రోజు, మా ఇంటి ముందు ర్యాంపు ఏటవాలుగా ఉంది కదా, అదే తగులుతుందేమో అనుకొని ఊరి బయట ఖాళీ ప్లాట్లలోకి తీసుకెళ్లాను. చుట్టూ కనుచూపు మేర ఒక కంపచెట్టు కూడా లేదు. నా కారుకు మాత్రం ఎనభై సెంటీమీటర్ల దూరంలో ఎవరో నిలబడి ఉన్నారు. "బావా, యాడన్నా వైరును ఎలకలు కొరికిండాయేమో" అన్నాడు బామ్మర్ది. పెట్టి ఒక్క రోజే అయింది, ఎలకలకు అంత తొందరేముంది?

మూడో రోజు బాక్సు దగ్గర ఎ, బి అని రాసున్న రెండు సెన్సర్ల ప్లగ్గులు ఒకదాని చోట ఒకటి మార్చి చూశాను. తప్పు అంకె పక్క గడిలోకి జరిగింది. అంటే బాక్సు బాగానే ఉంది, ఆ సెన్సరే పోయిందని తేల్చేశాను. ఈ టెస్టు నేనే కనిపెట్టానని చాలా గర్వపడ్డాను కూడా. ఆన్‌లైన్‌లో అమ్మినవాణ్ణి అడిగితే, ఒకసారి బిగించాక వాపసు తీసుకునేది లేదన్నాడు. ఒక్క సెన్సరు విడిగా దొరికేది ఆ 3,500 అడిగిన షాపులోనే. రెండు పూటలు ఆలోచించి, ఈ రోజు తలొంచుకొని పోయాను.

ఓనరు కౌంటర్ దగ్గరే ఉన్నాడు. పలకరించలేదు, పనిచేసే పిల్లోణ్ణి పంపాడు. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. కారు వెనక గొంతుక్కూర్చొని నాలుగు సెన్సర్ల మీదా బొటనవేలితో ఒకసారి రాశాడు. సెన్సరు మొహం సమతలంగా ఉండదు, అంచు ఒక పక్క కొంచెం మందం. మూడింటికి ఆ మందం కింద ఉంది, నాలుగోదానికి పైన. గోరు దూర్చి బయటికి లాగి వెనక్కు తిప్పాడు. అక్కడ పైకి అని బాణం గుర్తు. అది నేలకేసి చూస్తోంది.

సెన్సరు మన చెవికి వినపడని శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చే టైమును బట్టి దూరం లెక్కగడుతుంది. దాని మొహం కాస్త పైకి ఉంటేనే నేల తగలదు. నాలుగు రోజులుగా పాపం అది నేలను చూసి, ఇదిగో నేల, ఇదిగో నేల అని నాకు నిజమే చెబుతోంది. కిట్టు కాగితంలో ఈ బాణం బొమ్మ ఉంది. చదవలేదు.

"అన్నా, ఎవరు పెట్టినారు దీన్ని?" అన్నాడు పిల్లోడు.

నోటికొచ్చేసింది. "ఎవరో మెకానిక్."

"వానికి పని రాదన్నా. బాణం గూడా చూసుకోలా. ఇంగ వాని దగ్గరికి పోవాకు."

సరే అన్నాను. తిప్పి నొక్కాడు, రివర్స్ వేసి చూశాం, నిశ్శబ్దం. వెనక నిలబడి చెయ్యి ఊపితే బీప్. డబ్బులెంత అంటే, "దీనికేముందన్నా" అని లోపలికి పోయాడు. ఒక రెండొందలు తీసుకొని ఉంటే నాకు బాగుండేది. అద్దం లోంచి ఓనరు చూస్తూనే ఉన్నాడు.

కారెక్కి కొంత దూరం వచ్చేదాకా బామ్మర్ది ఏమీ మాట్లాడలేదు. ఏడు రోడ్ల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మెల్లగా అన్నాడు:

"బావా, ఆ మెకానిక్ నంబరు నాకూ ఇయ్యి."