కేదార్ ఘాట్‌లో సంక్రాంతి

పండక్కి ఊళ్ళో ఉండకుండా కాశీ ఏమిట్రా అని చుట్టాలంతా అన్నారు. పిల్లల సెలవులూ నా సెలవులూ కలిసొచ్చేది సంక్రాంతికే. అమ్మ కూడా పట్టు వదల్లేదు. చలి సంగతి ఎత్తితే, "గోదాట్లో మాఘస్నానాలు చేసినదాన్ని, నాకు చెప్పొచ్చారా" అంది. జనవరిలో కాశీ చలి మాత్రం మన వైపు చలి కాదు. తెల్లవారుజామున 8, 9 డిగ్రీలు. మధ్యాహ్నం దాకా సూర్యుడు మొహం చూపించని రోజులూ ఉంటాయి.

పొగమంచుకి రైలు గంటల తరబడి ఆలస్యమై, మొఘల్‌సరాయ్‌లో దిగేసరికి బాగా పొద్దెక్కింది. ఆ స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఎప్పుడో మారినా ఆటోవాళ్ళ నోట ఇంకా మొఘల్‌సరాయే. గంగ మీద మాలవీయ బ్రిడ్జి మన రాజమండ్రి వంతెన లాంటిదే, కింద రైళ్ళు, పైన రోడ్డు. అక్కణ్ణుంచి ఘాట్లన్నీ నెలవంకలా కనిపిస్తాయంటారు. మాకు ముందు పోతున్న లారీ కూడా సరిగా కనపడలేదు.

బస కేదార్ ఘాట్ దగ్గర సందుల్లో. తెలుగువాళ్ళ కాశీ అంటే చాలావరకు ఈ చుట్టుపక్కలే. తెలుగు సత్రాలు, తెలుగు బోర్డులు, పొద్దున్నే ఇడ్లీ. పడవవాళ్ళు కూడా "అమ్మా, బోటు, మణికర్ణిక, అస్సీ" అంటూ తెలుగులోనే బేరం మొదలుపెడతారు. పక్కనే విజయనగరం రాజుల పేరుతో ఒక ఘాట్ కూడా ఉంది.

విశ్వనాథుడి దర్శనానికి మర్నాడు వెళ్ళాం. 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక లోపల నడవడానికి చోటు బాగా పెరిగింది. క్యూ మాత్రం క్యూయే. ఫోన్లు లోపలికి రానివ్వరు గనక బయట పూలకొట్లవాళ్ళు లాకరు ఇస్తామంటూ వెంటపడతారు. లాకరు ఉచితమే, బుట్ట కొనాలి. లోపల లింగం గర్భగుడి నడిమధ్యన ఉండదు. ఒక మూలగా, వెండి తొడుగు వేసిన చదరపు పానవట్టంలో చిన్నగా ఉంటుంది. అందరూ శిఖరం బంగారం గురించే చెబుతారు. నాకు మాత్రం, అహల్యాబాయి హోల్కర్ 18వ శతాబ్దంలో కట్టించిన ఆ గుడి లోపల ఎంత ఇరుకో, స్వామి ఎంత దగ్గరో అదే గుర్తుంది. రెండు క్షణాలు చూసేలోపు వెనకనించి తోసేశారు.

సంక్రాంతి నాడు మాత్రం కేదారేశ్వరుడి దగ్గరికే వెళ్దామని అమ్మ ముందే చెప్పేసింది. ఘాట్ మీంచి చూస్తే గుడి గోడలకీ మెట్లకీ మన గుళ్ళలాగే కావి, సున్నం పట్టెలు. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. పైగా చలికాలంలో నది తగ్గి ఉంటుంది కాబట్టి ఇంకా దిగాలి. అమ్మ మోకాళ్ళతో టెన్షన్ నాకే. ఆవిడ మా ఆవిడ భుజం పట్టుకుని మెల్లగా దిగి, ఆగకుండా మూడు మునకలు వేసింది. పైకి లేచినప్పుడు ఒంటి మీంచి ఆవిర్లు వస్తున్నాయి. "నీళ్ళు వెచ్చగానే ఉన్నాయిరా, బయటే చలి" అంది. నిజమే, నీళ్ళలో ఉన్నంతసేపూ బాగానే ఉంది. తువ్వాలు అందుకునేలోపే ప్రాణం పోయినంత పనైంది.

అక్కడ ఆ పండగని ఖిచిడీ అనే పిలుస్తారు. మెట్ల పొడుగునా గుడ్డలు పరుచుకుని జనం కూర్చున్నారు. స్నానం చేసి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరికీ పిడికెడు బియ్యం, పిడికెడు పొట్టు మినప్పప్పు, ఒక నువ్వుండ వేసుకుంటూ పోతున్నారు. ఒక ముసలామె గుడ్డ మీద బియ్యం, పప్పు కలిసిపోయి వండకముందే ఖిచిడీ అయిపోయింది.

గుళ్ళో కథ కూడా దీనిదే. మాంధాత రోజూ ఖిచిడీ వండి రెండు భాగాలు చేసి, ఒకటి శివుడికి, అతిథులకి పెట్టేవాడట. ఒంట్లో బాగాలేక ఆ పని చేయలేని రోజున శివుడే వచ్చి ఆ ఖిచిడీని రాయిగా మార్చి అందులో వెలిశాడట, అదీ మకర సంక్రాంతి నాడే. లింగం నున్నగా ఉండదు, గరుకు బండ, మధ్యలో గీత. అమ్మ వంగి ఆ గీతనే చాలాసేపు చూసింది. ఎవరూ తోయలేదు. సాయంత్రం సత్రంలో పులగం పెడితే, "ఇక్కడి దేవుడికి మన పండగ వంట తెలుసు" అని రెండోసారి వడ్డించుకుంది.

చలికాలానికి వస్తేనే దొరికేవి రెండున్నాయి. ఒకటి సైబీరియా వైపు నుంచి వచ్చే తెల్లపిట్టలు. పడవవాళ్ళు "ఆవ్, ఆవ్" అని కేకేసి కారప్పూస విసిరితే వందల కొద్దీ మీద పడతాయి. పిల్లలకి విశ్వనాథుడి కంటే ఇవే గుర్తున్నాయి. (పక్షులకి కారప్పూసేమిటని నాకు అనిపించింది గానీ అక్కడ ఎవరికీ పట్టదు.) రెండోది మలైయో, పాల నురుగు. పాలని రాత్రి మంచులో పెట్టి, తెల్లారగట్ల చిలికి, కుంకుమపువ్వు వేసి మట్టి మూకుళ్ళలో అమ్ముతారు. నోట్లో పెట్టగానే ఏమీ మిగలదు. ఎండెక్కితే కరిగిపోతుంది కాబట్టి పొద్దున్నే తినాలి.

పంచగంగ ఘాట్ దాకా నడిచింది త్రైలింగ స్వామి మఠం కోసం. విజయనగరం వైపు పుట్టి కాశీలో స్థిరపడ్డాడని, 1887లో పోయేనాటికి 280 ఏళ్ళని చెబుతారు. లెక్క సంగతి ఎలా ఉన్నా, మన వాడు అక్కడ అంత పెద్దవాడయ్యాడంటే అమ్మకి గర్వం. తనకి హిందీ రాకపోయినా పూజారికి ఆ సంగతి చెప్పే వచ్చింది.

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని మనవాళ్ళ నియమం. నాకు అంత సెలవు దొరకలేదు. మిగిలిన నిద్రలు శివరాత్రికి పూర్తి చేద్దామని అమ్మ ఇప్పుడు పట్టుపడుతోంది. ఆ జనంలో నావల్ల కాదు, మళ్ళీ సంక్రాంతికే అని నేను. టికెట్లు ఇంకా తీయలేదు.